నల్లరాతి నడుమ సముద్రం

(మా ఊరి ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులు ఏటా జరిపే స్మారకోపన్యాస సభలో చదివిన ప్రసంగ పాఠం)

ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ మాస్టారి కుటుంబం వారు కూడా వచ్చారు. తన పేరు నలుగురిలో పదేపదే పలకడం ఆయనకు నచ్చేది కాదు. అందుకని ఈ గంటసేపూ ఆయన్ని మాస్టారు అనే అంటాను. ఇక్కడున్న మా వయసు వాళ్లకు ఆ మాటకు ఒక్కరే గుర్తొస్తారు.

మాస్టారు మాకు ఏడో తరగతిలో సామాన్యశాస్త్రం చెప్పారు. అప్పటికీ ఇప్పటికీ యాభై ఏళ్లు. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక మమ్మల్ని క్వారీల దారి పట్టించారు. పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు చుట్టుపక్కల నల్లరాతి క్వారీలు చూడనివాళ్లు ఈ సభలో ఉండరు. మన రోడ్ల కింద పరిచిన కంకర, మన ఇళ్ల పునాదుల్లో వేసిన రాయి అక్కడివే. రోజూ చూసే రాయి చూడటానికి ఎర్రటి ఎండలో ఎందుకు తీసుకెళ్తున్నారో మాకు అర్థం కాలేదు. ఆయన జేబులో రెండు నిమ్మకాయలు, ఒక పెద్ద మేకు ఉన్నాయి.

క్వారీ గోడ ముందు నిలబెట్టి, పైనుంచి కిందికి ఏం కనబడుతోందో చెప్పమన్నారు. పైన నల్లరాయి. కింద నల్లరాయి. మధ్యలో వెలిసిపోయిన పంచెలాంటి రంగులో ఒక పొర అడ్డంగా సాగిపోయింది. "ఆ తెల్లది మట్టండీ" అన్నాడు మాలో ఒకడు. మాస్టారు ఆ పొర నుంచి ఊడిపడిన పెళ్లను తీసి, మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండారు. పొడి సన్నగా పొంగింది. చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిటమంది. నల్లరాతిని గీకి పిండితే ఏమీ లేదు, తడిసి ఊరుకుంది. అప్పుడు ఆ తెల్ల పెళ్లను తిరగేసి మా చేతుల్లో పెట్టారు. అందులో నత్తగుల్ల ఉంది. మరమేకులా చుట్లు తిరిగి, కొస దాకా చెక్కుచెదరకుండా ఉంది.

"ఇది ఉప్పునీటి నత్త. మన ఊరికి సముద్రం ఎంత దూరంరా?" అని అడిగారు.

అరవై డెబ్బై కిలోమీటర్లు. బస్సెక్కి అంతర్వేది తీర్థానికి వెళ్లినవాళ్లం కాబట్టి దూరం తెలుసు. ఆయన ఇంకేమీ చెప్పలేదు. ఆదివారమంతా ఆలోచించుకుని సోమవారం వచ్చి చెప్పమన్నారు. నా జీవితంలో నిజంగా ఆలోచించిన మొదటి ఆదివారం అది.

సోమవారం ఎవరి జవాబు వాళ్లం చెప్పాం. వరదకు కొట్టుకొచ్చిందని ఒకరు, ఎవరో గుల్లసున్నం కోసం తెచ్చి పారబోశారని ఒకరు. పారబోసినదాని మీద అంత మందాన నల్లరాయి ఎలా వచ్చిందని ఆయన అడిగితే అందరం ఆగిపోయాం. అక్కడి నుంచి పాఠం మొదలైంది.

మనం నల్లరాయి అనేది బసాల్టు, చల్లారిన లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నేల బీటలు వారి లావా పొంగింది. ఒకసారి పొంగి ఊరుకోలేదు, లక్షల ఏళ్ల పాటు మళ్లీ మళ్లీ పొంగింది. ఇవాళ మహారాష్ట్రలో మెట్లు మెట్లుగా కనిపించే దక్కన్ పీఠభూమి అలా పేరుకున్నదే. ఆ లావాలో కొంత అప్పటి నదీలోయలు పట్టుకుని తూర్పుకు పారింది. దాదాపు 1000 కిలోమీటర్లు పారి మన దగ్గర అప్పటి సముద్రతీరానికి చేరింది. భూమి మీద ఇంతవరకు గుర్తించిన లావా ప్రవాహాల్లో ఇంత పొడవైనవి మరి లేవేమోనని శాస్త్రజ్ఞులు అంటారు. వీటికి రాజమహేంద్రవరం పేరే పెట్టారు, రాజమండ్రి ట్రాప్స్ అని. గోదావరికి ఆ ఒడ్డున కాతేరు దగ్గర, ఈ ఒడ్డున మన దగ్గర ఇవి బయటపడతాయి. క్వారీలో రాయి పైభాగాన చిన్న చిన్న బొక్కలు చూసే ఉంటారు. అట్టు పోసినప్పుడు పైకి తేలి పగిలే బుడగల్లాంటివే అవి. లావాలోని ఆవిరి పైకి వస్తూ వస్తూ, రాయి గట్టిపడేసరికి ఎక్కడిది అక్కడ చిక్కుకుపోయింది.

కింది లావా చల్లారింది. దాని మీదికి సముద్రపు నీరు వచ్చింది. నత్తలు, ఆల్చిప్పలు అందులో పుట్టి, పెరిగి, చచ్చి, వాటి గుల్లలు అడుగున చేరి సున్నపురాయి అయ్యాయి. ఆ తరవాత మళ్లీ లావా వచ్చి ఆ సముద్రపు అడుగును కప్పేసింది. మేము ఆ శనివారం చూసిన మూడు పొరల కథ ఇది.

మాస్టారికి అప్పట్లో తెలియని సంగతి ఒకటి ఆ తరవాత బయటపడింది. ఈ ఒక్క విషయం ఆయనకు చెప్పగలిగితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. 2008లో గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం, మన దేశపు పరిశోధకులతో కలిసి, ఈ క్వారీల మధ్యపొరలోని సముద్రజీవుల సూక్ష్మమైన గుల్లలను పరిశీలించి ఫలితాలు ప్రకటించింది. డైనోసార్లతో పాటు భూమి మీది జీవజాతుల్లో చాలా భాగం అంతరించిపోయిన వెంటనే బతికిన జీవులవి. అంటే కింది రాతికి, ఈ తెల్లపొరకు నడుమ ఆ మహావినాశం ఉంది. దానికి మెక్సికో తీరంలో పడిన ఉల్క కారణమా, దక్కన్ లావా పొగలు కూడా అందులో పాలు పంచుకున్నాయా అన్న వాదన ఇంకా తెగలేదు. ఆ వాదనలో మన పంగిడి క్వారీ ఒక సాక్షి. ఏడో తరగతి పిల్లలు చెయ్యి చాచి తాకగలిగినంత దగ్గరలో ఉన్న సాక్షి.

ఇప్పుడు తోటి ఉపాధ్యాయులతో ఒక మాట. మన బడుల్లో భూమి రెండు సబ్జెక్టుల మధ్య పడి నలుగుతోంది. శిలల రకాలు సాంఘికం వాళ్లు చెబుతారు. ఆమ్లాలు, శిలాజాలు సైన్సు వాళ్లు చెబుతారు. రాతి మీద నిమ్మకాయ పిండటం ఎవరి వంతు? అందుకే ఎవరూ పిండరు. పటలం, ప్రావారం, కేంద్రమండలం అని గుండ్రటి బొమ్మ గీసి రంగులు వేయిస్తాం. ఆ బొమ్మ తప్పని అనను. కానీ పిల్లలు ఎన్నడూ చూడలేని లోతు దగ్గర మొదలుపెట్టి, కాలి కింది రాయి దాకా రాకుండానే పాఠం ముగిస్తున్నాం. మాస్టారు దీన్ని తిరగేశారు. ముందు రాయి, దాని గురించి ప్రశ్న, ఆదివారమంతా ఆలోచన. బొమ్మ ఎప్పుడో చివర్లో వచ్చేది. అదే సరైన వరస అని నా నమ్మకం.

ఈ పాఠంలో కష్టమైనది రాయి కాదు, కాలం. 6.6 కోట్ల ఏళ్లన్నా 66 కోట్ల ఏళ్లన్నా పన్నెండేళ్ల పిల్లవాడికి ఒకటే, 'చాలా' అని. దానికి మాస్టారు నవారు తెచ్చారు. మంచాలకు అల్లే తెల్ల నవారు. రెండు చుట్టలు కలిపి కుట్టించి, 45.5 మీటర్లకు సిరాతో గీత పెట్టారు. మీటరుకు 10 కోట్ల ఏళ్లు, సెంటీమీటరుకు 10 లక్షలు, మిల్లీమీటరుకు లక్ష. 45.5 ఎందుకంటే, 1956లో క్లెయిర్ పాటర్సన్ అనే శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఇవాళ్టి లెక్కలూ దాదాపు అక్కడే ఉన్నాయి. తన ప్రయోగశాలలో గాలి నిండా, దుమ్ము నిండా సీసమే ఉండి కొలతలు చెడిపోతుంటే, అది ఎక్కడి నుంచి వస్తోందని ఆరా తీసి, పెట్రోలులో సీసం కలపడం మాన్పించాలని ఏళ్ల తరబడి పోరాడినవాడు కూడా ఆయనే. భూమి వయసు కట్టిన చేతితోనే పిల్లల మెదళ్లు కాపాడిన మనిషి పేరు మన పిల్లలకు తెలియాలి.

బడి ఆవరణలో ఆ చివర వేపచెట్టు నుంచి ఈ చివర గేటు దాకా నవారు పరిచాం. గేటు దగ్గరి కొస ఇవాళ. మన క్వారీ రాయి ఆ కొసకు 66 సెంటీమీటర్ల దూరంలో, ఒక మూరన్నర దగ్గర ఉంది. అంతటి పాతరాయి గేటుకు ఇంత దగ్గరగా ఉండటం చూసి మాకు నోట మాట రాలేదు. వెనక్కి నడుస్తూ పోతే 20 మీటర్ల దగ్గర కడప జిల్లా వేంపల్లి సున్నపురాయి. సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకున్న స్ట్రొమటోలైట్లు అందులో ఉన్నాయి. 25 మీటర్ల దగ్గర హైదరాబాదు గుట్టల గ్రానైటు. మనుషులం కనబడేది చివరి 3 మిల్లీమీటర్లలో. గోదావరి ఇప్పటి డెల్టా, అంటే మన కొబ్బరితోటలు, లంకలు, దిబ్బలు అన్నీ గత ఆరేడు వేల ఏళ్లలో ఒండ్రు మేట వేసినవి. అప్పట్లో తీరం ఇప్పటి కొల్లేరు పరిసరాల దాకా ఉండేది. నవారు మీద ఆరేడు వేల ఏళ్లంటే తల వెంట్రుక మందం. 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్టను గుర్తు పెట్టడానికి అంత సన్నటి సూది దొరకదు.

పూజలో సంకల్పం చెప్పేటప్పుడు కల్పం, మన్వంతరం, యుగం, సంవత్సరం, తిథి అని పెద్ద కాలం నుంచి చిన్న కాలానికి దిగుతాం. ఏ నదుల నడుమ ఉన్నామో కూడా చెప్పుకుంటాం. మాస్టారు ఆ మాట తెచ్చి, "మీ ఇళ్లల్లో కోట్ల సంఖ్యలు కొత్త కాదు, భయపడకండి" అన్నారు. పురాణపు లెక్కా రాతి లెక్కా ఒకటేనని మాత్రం ఎన్నడూ అనలేదు. ఒకటి నమ్మకం మీద చెప్పుకునేది, రెండోది ఎవరైనా కొలిచి సరిచూసుకోగలిగేది. ఆ తేడా చెప్పడంలో ఆయన గొంతు మృదువుగానే ఉండేది, కానీ తేడాను చెరపనిచ్చేవారు కాదు.

తిరుపతి వెళ్లినప్పుడల్లా నాకు నవారు గుర్తొస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కింద గుండ్రటి గ్రానైటు, దాని మీద ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కొండగోడ కనబడుతుంది. ఈ రెండూ కలిసే గీతకు అటూ ఇటూ వయసులో 80 కోట్ల ఏళ్ల తేడా ఉందని భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ చెబుతుంది. ఆ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కూడా ప్రకటించింది. 80 కోట్ల ఏళ్లంటే 8 మీటర్ల నవారు. ఆ కాలంలో అక్కడ పేరుకున్నదేదైనా ఉంటే కోసుకుపోయింది, ఏదీ మిగల్లేదు. లక్షల మంది గోవిందా అంటూ ఆ గీత దాటుకుని పైకి వెళతారు. వాళ్లలో ఏ ఒక్క బడిపిల్లకైనా బస్సు కిటికీలోంచి వేలు పెట్టి చూపించేవాళ్లు పక్కన ఉంటే ఎంత బాగుంటుంది.

ఇక నేల కదలడం గురించి. ఖండాలు కదిలాయంటే పిల్లలు పటం చూసి నమ్మేస్తారు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా అంచులు అతికినట్టున్నాయి కాబట్టి కదిలాయని రాస్తారు. వెజెనర్ అనే శాస్త్రవేత్త 1912లో ఈ మాట చెప్పినప్పుడు ఆయన కాలపు పండితుల్లో చాలామంది నమ్మలేదు. అంచులు కలవడం ఒక్కటే చాలదని వాళ్లన్నది సబబే. నేనైతే సింగరేణి బొగ్గుతో మొదలుపెడతాను. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు దొరికిన నాటి నుంచి ఆ పొరల మధ్య ఆకుల అచ్చులు దొరుకుతూనే ఉన్నాయి. నాలుక ఆకారం, నడుమ ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు. గ్లోసోప్టెరిస్ అంటారు. నవారు మీద రెండున్నర, మూడు మీటర్ల దగ్గరిది. 1912లో దక్షిణధ్రువం చేరి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్, అతని తోటివాళ్లు చలికి, ఆకలికి చనిపోయారు. నెలల తరవాత వాళ్ల డేరా కనబడినప్పుడు దగ్గర్లోని బండి మీద 16 కిలోల రాళ్లు ఉన్నాయి. అడుగు తీసి అడుగు వెయ్యలేని స్థితిలో కూడా వాళ్లు ఆ రాళ్లను వదల్లేదు. ఆ రాళ్లలో ఉన్నది ఈ ఆకే. మంచు తప్ప చెట్టు లేని చోట, మన ఇల్లందు బొగ్గులో దొరికే ఆకు. దాని గింజలు సముద్రాలు దాటి పోయేంత తేలికవి కావు. ఆ రెండు నేలలూ ఒకప్పుడు ఒకే నేల అయి ఉండాలి. ఆ నేలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా, మన గోదావరి పై తీరాల్లో ఉండే గోండుల పేరు మీద వచ్చింది. ఈ కథ చెప్పినప్పుడు గోల చేసిన తరగతి నాకు ఇంతవరకు తారసపడలేదు.

మన నల్లరాయి కూడా ఇందుకు సాక్ష్యం చెబుతుంది. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజ రేణువుల అయస్కాంతత్వం అప్పటి భూమి అయస్కాంత దిశను పట్టుకుని అలాగే నిలిచిపోతుంది. 1950లలో దక్కన్ రాళ్లలో ఆ దిశ కొలిచినప్పుడు, ఆ లావా పారిన నాటికి మన దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేదని తేలింది. అక్కడి నుంచి ఉత్తరానికి వచ్చి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొంది. హిమాలయాలు లేచాయి. ఆ ప్రయాణం ఆగలేదు. ఇవాళ్టికీ ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా పోతూనే ఉన్నాం. నేను ఈ బడిలో ఏడో తరగతిలో చేరిన రోజు నుంచి ఈ రోజుకు, ఈ వేదిక, ఆ వేపచెట్టు, క్వారీ అన్నీ కలిసి రెండున్నర మీటర్లు జరిగాయి.

ఇంత తెలిసి కూడా నేనొక తప్పు చేశాను. మాస్టారి సభలోనే అది చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాకినాడకు ఉత్తరాన, ఉప్పాడ వైపు ఒక తీరగ్రామంలో పనిచేశాను. పరీక్షలు దగ్గరపడ్డాయని భూమి పాఠం రెండు పీరియడ్లలో ముగించాను. కొండలు లేచాయి, సముద్రాలు వెనక్కి పోయాయి, శిలలు ఏర్పడ్డాయి, అన్నీ జరిగిపోయిన క్రియలే. వెనక బల్ల నుంచి ఒక పల్లెకారుల అమ్మాయి లేచింది. "నేల ఇప్పుడు మారదా అండీ?" అని అడిగింది. "ఇవన్నీ కోట్ల ఏళ్ల కిందటి సంగతులమ్మా" అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. "మా తాతగారి ఇల్లు సముద్రంలో ఉందండి" అంది.

ఆ సాయంత్రం నన్ను ఒడ్డుకు తీసుకెళ్లి, అలల్లోకి చెయ్యి చూపించింది. అక్కడ వీధి ఉండేదట. వాళ్ల నాయనమ్మ వచ్చి, వంటిల్లు ఎక్కడ, నుయ్యి ఎక్కడ, రాములవారి గుడి ఎక్కడ అని నీళ్ల మీదే చూపించుకుంటూ పోయింది. ఉప్పాడ తీరం కోతకు గురవుతున్న సంగతి పత్రికల్లో మీరంతా చదివేదే. గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోయి బాగా తగ్గింది. కాకినాడకు ఎదురుగా ఇసుక మేటలు వేసి పెరిగిన హోప్ ఐలాండ్ రెండు శతాబ్దాల నాడు లేదు. అది పెరిగే కొద్దీ అలల బలం ఉత్తరాన తీరం మీదికి మళ్లుతోందని పరిశోధకులు అంటారు. ఒకచోట నేల పుడుతోంది, కాస్త దూరంలో నేల పోతోంది. నా తరగతి పిల్లలు ఆ రెంటి మధ్య పుట్టి పెరిగారు. వాళ్లకు నేను నేల మారడం అయిపోయిందని చెప్పాను.

మర్నాడు పిల్లలకు క్షమాపణ చెప్పి, ఆ పాఠం మళ్లీ మొదలుపెట్టాను. ఒడ్డున ఉన్న ఒక తాటిచెట్టు మొదటి నుంచి పోటు వచ్చినప్పుడు నీటి గీత దాకా తాడుతో కొలిచి, గోడ మీద తేదీతో రాశాం. ప్రతి ఏటా సంక్రాంతి సెలవుల తరవాత కొలవాలని అనుకున్నాం. మూడో ఏడు వెళ్లేసరికి తాటిచెట్టు లేదు. పిల్లలు బడి గోడ మూల నుంచి కొలత మళ్లీ మొదలుపెట్టారు. ఏ పుస్తకం చెప్పని సంగతి వాళ్లు తమ తాడుతో కనుక్కున్నారు.

ఈ ఊళ్లో సముద్రం లేదు, కానీ క్వారీ ఉంది. ఆ తెల్లపొర ఏటికేడు తరిగిపోతోంది. రాయి కోసం తవ్వేవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల పొయ్యి దాని మీదే వెలగాలి. మన ఇళ్లకు కంకర కావాలి. ఒకటే అడుగుతున్నాను. పాతబడి వదిలేసిన ఏదో ఒక క్వారీలో, మూడు పొరలూ ఒకేచోట కనబడే ఒక మూల, ఈ గది గోడంత మేర, పూడ్చకుండా, తవ్వకుండా బడి పేర ఉంచేలా పంచాయతీ పెద్దలు, క్వారీ యజమానులు కలిసి తీర్మానం చెయ్యండి. దానికి కంచె వేయించే ఖర్చు పూర్వ విద్యార్థులం పెట్టుకుంటాం. ఆ మాట మా వాళ్లందరి దగ్గరా తీసుకునే వచ్చాను.

మాస్టారి నవారు వాళ్ల అమ్మాయిగారు ఇన్నాళ్లూ ట్రంకుపెట్టెలో దాచి, ఇవాళ పొద్దున్న నా చేతికిచ్చారు. కొన్ని గీతలు వెలిసిపోయాయి, 66 సెంటీమీటర్ల దగ్గరి గీత మాత్రం బాగా కనబడుతోంది. వచ్చే శనివారం బడి వదలగానే ఏడో తరగతి పిల్లల్ని క్వారీకి తీసుకెళ్తాను. హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. క్వారీలో పని జరిగే వైపు వెళ్లం, పాతగోడ దగ్గరే ఉంటాం. పిల్లలూ, సుత్తులు తేవద్దు. టోపీ గానీ తువ్వాలు గానీ తెచ్చుకోండి, మంచినీళ్లు తెచ్చుకోండి. నిమ్మకాయలు నేను తెస్తాను.